ఊరంతా బ్యాంకుకొచ్చిన రోజు

మొన్న మా నరసరావుపేట బ్రాంచిలో నోట్లు లెక్కపెట్టే మిషను తిరగడం మొదలుపెట్టగానే క్యాషియరు తుమ్మాడు. ఆ వెంటనే పక్క కౌంటరు అమ్మాయి తుమ్మింది, ఆమె తర్వాత నేను. వరసలో నిలబడ్డ పెద్దాయన నవ్వుతూ, "మిరపకాయల డబ్బులమ్మా, కల్లంలోనే తీసుకున్నాం" అన్నాడు. కళ్ళు మండుతున్నా నాకు పట్టరాని సంతోషం వేసింది. ఈ ఘాటు పీల్చి ఎన్నాళ్ళయిందో! ఇప్పుడు కాయల డబ్బు కూడా చాలామందికి ఫోన్లోనే వచ్చి పడుతోంది. మా కుర్ర క్యాషియరు ముక్కు తుడుచుకుంటూ విసుక్కున్నాడు గానీ, నేను నా గదిలోంచి లేచి వచ్చి ఆ మిషను పక్కనే కాసేపు నిలబడ్డాను. నాకు వెంకాయమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. ఒక్కసారి చూసి ఉంటే, ఆ గొంతయినా మీకు గుర్తుండేది.

నా మొదటి పోస్టింగు రెంటచింతల దాటి లోపలికి వెళ్ళే ఒక పల్లెలో. ఊరి పేరు చెప్పను. చెబితే "అట్టా జరగలేదమ్మా" అని నన్ను సరిదిద్దేవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. బ్రాంచి అంటే ఒక హాలు, ఒక కౌంటరు, ఒక ఇనప్పెట్టె, ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డ ఒక మేనేజరు గారు, నేను. మా ఆయన నరసరావుపేటలో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవారు. అందుకని వారమంతా ఊళ్ళో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కేదాన్ని. నేను అద్దెకు దిగిన మేడగది వెంకాయమ్మ పెద్దమ్మది. ఆమెకు భర్త పోయి చాలాకాలమైంది. కొడుకు శీను, కోడలు కింద వాటాలో ఆమెతోనే ఉండేవాళ్ళు. నేను సామాను దించుతుంటే ఆమె మెట్ల కింద నిలబడి, "ఏమే, బ్యాంకులో డబ్బులెంచేది నువ్వేనా? ఇంత సన్నగా ఉన్నావు, కట్టలు మొయ్యగలవా?" అని అడిగింది. అదే మా పరిచయం.

ప్రతి సోమవారం ఆమె బ్యాంకుకు వచ్చేది. డబ్బు వేయడానికి కాదు, తీయడానికీ కాదు. కౌంటరు మీద పాసుబుక్కు పెట్టి, "నా డబ్బులు ఎట్టా ఉన్నయ్యే?" అని అడిగేది, అత్తారింటికి పంపిన కూతురి క్షేమం అడిగినట్టు. నేను చూసి బాగానే ఉన్నాయని చెబితే తల ఊపి, బల్ల మీద కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ చెప్పి వెళ్ళేది. ఒక సోమవారం ఆమె వెనకే శీను వచ్చాడు. మంచివాడు, నెమ్మదైనవాడు. ఆమె ఖాతాలో ఉన్న ఫోను నంబరు వాడిదే. "ఈ ఎండలో ఎందుకమ్మా తిరగటం? నీ డబ్బుల సంగతి నా ఫోన్లో ఎప్పటికప్పుడు తెలుస్తానే ఉంది. నీకు ఏం కావాలన్నా అడుగు, ఇస్తా" అన్నాడు. వాడు వెళ్ళాక ఆమె పాసుబుక్కును కొంగుతో తుడిచి చేతిలోకి తీసుకుంది. తర్వాత నాతో అంది.

"మీ పెదనాన్న కూడా మంచోడేనే. ఏనాడూ లేదనలా. అయినా ఉప్పు కావాలన్నా, కొప్పులోకి పూలు కావాలన్నా ఆయన ముందు చెయ్యి చాచాల్సి వచ్చేది. ఇప్పుడు నా భాగం పొలం కౌలు నా పేరున పడతంది. ఇక్కడికొచ్చి నేనే వేలు చూపించి అడుగుతా, నేనే సంతకం పెడతా. ఈ కౌంటరు ఉన్నంతకాలం నేను ఎవరినీ అడగక్కర్లా."

నాకు అప్పుడే పెళ్ళయిన కొత్త. ఆ మాట విని ఊరికే నవ్వాను.

కొన్ని నెలలకు మా బ్రాంచిని మాచర్లలో కలిపేస్తారన్న వార్త వచ్చింది. జనం రావడం లేదు, అందరూ ఫోన్లలోనే పని కానిచ్చుకుంటున్నారు, ఇక ఈ హాలుకు అద్దె దండగ అన్నది పైవాళ్ళ లెక్క. అది తెలిసిన రోజు సోమవారం కాదు. అయినా వెంకాయమ్మ పెద్దమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసింది. మేనేజరు గారి ఎదుట కుర్చీ లాక్కుని, "ఏం చేస్తే ఉంటదయ్యా ఇది?" అని అడిగింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏం చెప్పనమ్మా! గురువారం గుంటూరు నుంచి పెద్దాఫీసరు చూడ్డానికొస్తున్నారు. ఆయన వచ్చేసరికి కౌంటరు ముందు నాలుగు తలకాయలన్నా కనపడాలి" అన్నారు.

"తలకాయలేగా!" అంటూ ఆమె లేచింది.

సభకు జనాన్ని తోలడం మా పల్నాడుకు ఒకరు నేర్పాలా? అయితే అవి ఎప్పుడూ ఎవరి పార్టీకి వాళ్ళు చేసే పనులు. ఊళ్ళో రెండు పార్టీల ఇళ్ళకీ వెంకాయమ్మ పెద్దమ్మ ఒక్కతే వెళ్ళింది. ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళని కుటుంబాలవి. "మీ కొట్లాటలు శుక్రవారం నుంచి మళ్ళీ మొదలెట్టుకోండి, నేనేమన్నా వద్దన్నానా? గురువారం మాత్రం అందరూ బ్యాంకు కాడ ఉండాల్సిందే. చెప్పులతో పాటు పార్టీలు కూడా గుమ్మం బయట వదిలి రండి" అని చెప్పి వచ్చింది. బుధవారం సాయంత్రం నాకు అన్నం సహించలేదు, భయంతో కాదు, ఉత్సాహంతో. చిన్నప్పుడు తిరనాళ్ళకు వెళ్ళే ముందు రోజు అలా ఉండేది.

గురువారం తలుపు తీసేసరికి వరస వీధి మలుపు దాటిపోయింది. పట్టుచీరలు, కొత్త తువ్వాళ్ళు, ట్రాక్టరు మీద వచ్చిన ముసలమ్మలు! ఎన్నడూ బ్యాంకు గడప తొక్కని వాళ్ళు కూడా పాసుబుక్కులు పట్టుకుని నిలబడ్డారు. ఎవరో మజ్జిగ బిందెలు తెచ్చి దించారు. రెండు పార్టీల ఆడవాళ్ళూ ఒకే వరసలో, ఒకరి భుజం ఒకరికి తగులుతూ, ముందు మొహాలు ముడుచుకుని, తర్వాత కాస్త కాస్తగా మాటల్లో పడ్డారు. మేనేజరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా అందరినీ పలకరిస్తున్నారు. నేను ఒక చేత్తో ముద్రలు వేస్తూ, ఇంకో చేత్తో నోట్లు ఇస్తూ, నవ్వు ఆపుకోలేకపోయాను.

పొరపాటు అక్కడే ఉంది. వెంకాయమ్మ పెద్దమ్మ అందరినీ రమ్మని చెప్పింది గానీ, వచ్చి ఏం చేయాలో చెప్పలేదు. మా వాళ్ళ దృష్టిలో బ్యాంకుకు వెళ్ళడమంటే డబ్బు తెచ్చుకోవడమే. వచ్చినవాళ్ళంతా డ్రా ఫారాలే నింపారు. పొద్దెక్కకముందే ఇనప్పెట్టె అడుగు కనిపించింది. మేనేజరు గారు మాచర్లకు ఫోను చేసి, "సార్, క్యాషు అయిపోయింది, అర్జెంటుగా పంపాలి" అని కాస్త గట్టిగానే అన్నారు. కిటికీ పక్కన నిలబడ్డవాళ్ళు ఆ మాట విన్నారు. ఇంకేముంది! నిప్పు లేకుండానే పొగ లేచింది. బ్యాంకులో డబ్బులు లేవంట, బ్యాంకు మునుగుతోందంట, అందుకే ఊరంతా తీసుకుంటన్నారంట! ఫోన్ల మీద ఫోన్లు వెళ్ళిపోయాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మోటారుసైకిళ్ళు, ఆటోలు దుమ్ము లేపుకుంటూ దిగాయి. ఈసారి వచ్చినవాళ్ళ మొహాల్లో నవ్వు లేదు. కౌంటరు అద్దం మీద బాదుతున్నారు. సరిగ్గా అప్పుడే గుంటూరు కారు వచ్చి ఆగింది.

పెద్దాఫీసరు లోపలికి రావడానికి దారి లేదు. మేనేజరు గారి ఇస్త్రీ చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. బ్రాంచిని కాపాడబోయి మేమే చేజేతులా ముంచుకున్నామనుకున్నాను. అప్పుడు వెంకాయమ్మ పెద్దమ్మ జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చి, బల్ల మీదికెక్కి నిలబడింది.

"ఒరేయ్, ఆగండ్రా! బ్యాంకు మునుగుతందని ఎవడ్రా అన్నది? మునిగే పడవలోకి ఎవరన్నా బస్తా ఎక్కిస్తారా? ఇదుగో, నేను ఎక్కిస్తన్నా, కళ్ళు పెట్టుకు చూడండి!"

రొండిన దోపుకున్న సంచి తీసింది. కౌలు కింద ఆమె భాగానికొచ్చిన కాయలు అంతకుముందు రోజే అమ్ముడుపోయాయి. ఆ సంచి మొత్తం కౌంటరు మీద కుమ్మరించి, "కట్టుకోవే! గట్టిగా లెక్కబెట్టు, అందరికీ ఇనపడాలి" అంది. నేను గొంతెత్తి లెక్కపెట్టాను. ఆ మిరప ఘాటుకు ముందు వరసంతా తుమ్మింది. ఎవరో ఫక్కున నవ్వారు. ఆమె ఊళ్ళో ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఏమే, మీరు పొద్దున తీసినయ్యన్నీ రొండినే ఉన్నయ్‌గా? ఏం చేసుకుంటారు, ఉప్పేసి ఊరబెడతారా? తిరిగి కట్టండి!"

కట్టారు. రెండు పార్టీల వాళ్ళూ కట్టారు. పైగా అవతలి పార్టీ కంటే తక్కువ కట్టామని అనిపించుకోవడం ఇష్టం లేక పోటీలు పడి కట్టారు. ఆ డబ్బుతోనే బయటి ఊళ్ళ వాళ్ళు అడిగినంతా ఇచ్చేశాను. అడగ్గానే ఇస్తున్నారని చూసేసరికి వాళ్ళకూ కంగారు తగ్గింది. సగం మంది ఫారాలు చించేసి మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. పెద్దాఫీసరు కూడా ఒక గ్లాసు తాగి, "నా సర్వీసులో ఇంత రద్దీ ఎక్కడా చూడలేదు" అని నవ్వారు. ఆ సాయంత్రం పెట్టెకు తాళం వేసి బయటికి వస్తుంటే మేనేజరు గారు నిజంగానే ఈల వేశారు. ఎంత ఆనందపడ్డామో చెప్పలేను. గెలిచేశామనుకున్నాం.

గెలవలేదు. ఒక్క గురువారాన్ని చూసి ఏడాది లెక్కను మార్చరు కదా! వానలు మొదలయ్యేలోపే ఉత్తర్వులు వచ్చాయి. బోర్డు దించుతుంటే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. వెంకాయమ్మ పెద్దమ్మ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని చివరిదాకా చూసింది. చూసి, "సరే, ఇప్పుడు దారేందో చెప్పు" అంది. మాచర్లకు వారం వారం తిరగడం ఆమె వల్ల కాదు. ఇక మిగిలింది ఫోనే. శీను ఫోను కాదు, ఆమె ఫోను.

నన్ను కూడా మాచర్లకే వేశారు. కొన్నాళ్ళు ఆ మేడగదిలోంచే బస్సులో తిరిగాను. ఒక పొద్దున ఆమె నాతోపాటే బస్సెక్కింది. మాచర్లలో ఒక ఫోను, ఒక సిమ్ము కొనుక్కుని, తిన్నగా నా కౌంటరుకు వచ్చింది. సంగతి తెలిసి శీను కూడా బండి మీద వచ్చాడు. వాడి మొహం చిన్నబోయింది. "నా నంబరుంటే ఏమైందమ్మా?" అన్నాడు.

"ఏమీ కాలేదురా నాయనా. కాకముందే మార్చుకుంటన్నా" అంది. చెప్పి, వాడి చెంప నిమిరింది.

నంబరు మార్చే కాగితం ఆమె ముందు పెట్టాను. సంతకం పెట్టి, ఉన్నట్టుండి తల ఎత్తి, "నీ దాంట్లో ఎవరి నంబరుందే?" అని అడిగింది.

ఉద్యోగంలో చేరినప్పుడు కాగితాలన్నీ మా ఆయనే నింపారు, ఆయన నంబరే రాశారు. జీతం పడిందో లేదో ఆయనను అడిగి తెలుసుకునేదాన్ని. పగలంతా ఊరివాళ్ళ డబ్బుకు లెక్క చెప్పేదాన్ని, నా డబ్బు సంగతి శనివారం ఇంటికి వెళ్ళి అడిగేదాన్ని. అందులో తప్పుందని నాకు అప్పటిదాకా తోచనే లేదు. "మా ఆయనది" అన్నాను.

వెంకాయమ్మ పెద్దమ్మ మాచర్ల బ్రాంచి అదిరేలా నవ్వింది. "ఓసి నీ దుంపతెగ! ఇంకో కాయితం తియ్యవే!" అంది. తీశాను. ఆమె పక్కనే నిలబడి నా సంతకం అయ్యేదాకా కదల్లేదు.

ఫోను నేర్చుకోవడం ఆమెకు పండగే అయింది. పిన్ను నంబరు నొక్కేటప్పుడు కొంగు కప్పుకునేది, నేనున్నా సరే. మొదటిసారి పూలకొట్లో డబ్బు పంపినప్పుడు డబ్బు పడగానే పలికే అక్కడి డబ్బా ఆ మొత్తాన్ని గట్టిగా చదివింది. "నేను పూలు కొంటే ఊరంతా చాటింపేస్తదా ఇది!" అని తిట్టి, అది మళ్ళీ అరవాలని ఇంకో మూర కొంది.

పోయిన ఏడాది ఆమె పోయింది. నేను వెళ్ళేసరికి శీను వరండాలో కూర్చుని ఉన్నాడు. "ఆసుపత్రి బిల్లు కూడా నన్ను కట్టనియ్యలేదక్కా. మంచం మీద పడుకునే కొంగు కప్పుకుని నొక్కింది" అన్నాడు. చెబుతూ నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. నేనూ అంతే.

ఆ మాచర్ల కాగితం తర్వాత వచ్చిన మొదటి జీతం రోజు సంగతి ఒక్కటి చెప్పాలి. సాయంత్రం మా ఆయన ఫోను చేశారు.

"ఏమిటి, ఈ నెల జీతం ఇంకా పడలేదా? మెసేజీ రాలేదే?"

గోడకు ఆనుకుని నిలబడ్డాను. "పడింది. మెసేజీ నాకొచ్చింది" అన్నాను.

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత ఆయన, "అలాగా. మంచిదే" అన్నారు. అంతే, ఏ గొడవా జరగలేదు. కానీ నేను ఆ రెండు మాటలు అనడానికి కావలసిన గుండె ఆ రోజు నా దగ్గర లేదు. పెద్దమ్మ దగ్గర అప్పు తెచ్చుకున్నాను. తిరిగి కట్టమని ఆమె ఏనాడూ అడగలేదు గనుక, ఇప్పటికీ దాంతోనే నడుపుకొస్తున్నాను.