ఆరో గొంతు

బ్రహ్మచారి ఎవరినీ పిలవడు. పక్క గదిలో ఉన్న భార్యను కూడా పిలవడు. లేచి నడిచి వెళ్లి, ఆమె ఎదురుగా నిలబడి, అప్పుడు చెబుతాడు. ఎవరికైనా ఫోన్ చేసినప్పుడు వాళ్లు ఎత్తకపోతే రెండోసారి చెయ్యడు. చెప్పులేసుకుని బస్సెక్కి వాళ్లింటికే పోతాడు. బన్సీలాల్‌పేట్‌లో వాళ్ల కింది వాటాలో నేను మూడేళ్లుగా అద్దెకుంటున్నాను. ఈ మూడేళ్లలో ఆయన గొంతు మెట్లు దిగి కిందికి రావడం నేనెరగను.

"పెండ్లయిన కొత్తల సిగ్గేమో అనుకున్న," అంటుంది ఆయన భార్య విజయమ్మ. "నలభై ఎనిమిదేండ్లు సిగ్గుపడతడా ఎవడన్న?"

ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. తండ్రికి కొలిమి ఉండేది. సుత్తి దెబ్బల మధ్య మాట వినపడాలంటే అరవాల్సిందే కాబట్టి గొంతు చిన్నప్పుడే సాగింది. పందొమ్మిదో ఏట సైన్యంలో చేరాడు. పదిహేనేళ్లు చేసి వచ్చి, తర్వాత ముప్పై అయిదేళ్లు తాళాలు బాగుచేశాడు. తాళంచెవి పోగొట్టుకుని సొంతింటి గుమ్మం ముందు దొంగల్లా నిలబడ్డవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది ఆయన్ని ఎరుగుదురు. ఇంతకు మించి ఆయన గురించి రాయడానికి ఏమీ లేదనే అనుకున్నాను, పోయిన మార్చి దాకా.

రెజిమెంటుకు ఒక కేక ఉంటుంది. దాన్ని పరేడ్లలో కూడా వినొచ్చు. బ్రహ్మచారి సెక్షన్‌లో పదిమంది తెలుగువాళ్లు. వాళ్లకు ఇంకో కేక ఉండేది, వాళ్లే కట్టుకున్నది. ఒకడు "ముందెవ్వడు?" అని అరుస్తాడు. మిగతా తొమ్మండుగురు వరసగా, ఒకడి తర్వాత ఒకడు, "నేను" అంటారు. తొమ్మిదో గొంతు కూడా వచ్చాక పదిమందీ కలిసి "అందరం" అంటారు. అప్పుడు కదులుతారు. దానికి శత్రువు ఎంత భయపడ్డాడో నాకు తెలియదు. పొగలో, మంచులో ఎవడున్నాడో ఎవడు పోయాడో తేల్చుకోవడానికి మాత్రం పనికొచ్చేది. ఎవడి వరస వాడిదే. ఒకడి బదులు ఇంకొకడు పలకకూడదు. ఎవడైనా పలక్కపోతే, పిలిచినవాడు ఒక నిండు ఊపిరి తీసి వదిలేంతసేపు ఆగాలి. అప్పటికీ రాకపోతే తర్వాతి అంకె చెప్పాలి. అంకె చెప్పాడంటే ఆ మనిషిని వదిలేసినట్టే.

పిలిచే పని బ్రహ్మచారిది. ఆరో గొంతు తుకారాంది.

డెబ్బై ఒకటి డిసెంబర్‌లో, పడమటి సరిహద్దున ఒక కాలువ గట్టు మీద ఉన్నప్పుడు, మంచు విడేలోగా వెనక్కి రమ్మని వాళ్లకు ఆర్డర్ వచ్చింది. బ్రహ్మచారి పిలిచాడు. అయిదు గొంతులు వచ్చాయి. ఆరోది రాలేదు. ఆయన "ఏడు" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం తుకారాం దొరికాడు, ప్రాణంతోనే. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

తుకారాం ఎవరినీ ఏమీ అనలేదు. ఊరికి వచ్చి, గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌గా చేసి, నేరేడ్‌మెట్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాడు. ఏటా డిసెంబర్‌లో మిగిలినవాళ్లంతా బొల్లారంలో శాంతికుమార్ ఇంట్లో కలుస్తారు. తుకారాం పెట్టుడు కాలితో వచ్చేవాడు, అందరి మీదా జోకులేసేవాడు, తను చీకేసిన ఎముకలు బ్రహ్మచారి ప్లేట్లో పడేసేవాడు. యాభై నాలుగేళ్లలో ఆ కేక మాత్రం ఎవరూ ఎత్తలేదు. బ్రహ్మచారి అడగాల్సింది ఒక్కటే ఉంది. ఆ రోజు నువ్వు పలికావా, లేదా? అది కూడా అడగలేదు.

ఫిబ్రవరిలో తుకారాంకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది. కళ్లు తెరుస్తాడు, ఎవర్నీ చూడడు. కూతురు ఇంద్రజ బ్యాంకుకు సెలవు పెట్టి నలభై రోజులు ఒక్కతే చేసింది. ఇక చేతకాక, సోమవారం నుంచి బొల్లారం అవతల ఒక కేర్ హోమ్‌లో చేర్పిస్తున్నానని అందరికీ చెప్పింది. అక్కడ ఒకసారికి ఇద్దరినే లోపలికి పంపుతారు. గట్టిగా మాట్లాడనివ్వరు.

బ్రహ్మచారి బస్సెక్కి వెళ్లి ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఒక్కసారి, బిడ్డా. ముగ్గురం వస్తం. మా కేక ఎత్తుతం. అది చెవుల పడితే వాడు పలుకుతడు."

"డాక్టర్లు పిలిస్తెనే పలుకుతలేడు కాకా."

"డాక్టర్లకేం ఎరుక వాని వరస."

ఆదివారం పొద్దున పది నుంచి పదిన్నర దాకా అని ఒప్పుకుంది. పక్క ఫ్లాట్‌లో పరీక్షలకు చదివే పిల్ల ఉందని, తలుపులు మూసుకోవాలని చెప్పింది.

పలకాల్సిన తొమ్మండుగురిలో బతికున్నది ముగ్గురు. రెండో గొంతు సుబ్బరాజు, భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు, ఇప్పుడు పూర్తిగా చెవిటి. అయిదోది శాంతికుమార్, గట్టిగా అరిస్తే కట్టుడు పళ్లు ఊడొస్తాయి. ఆరోది మంచం మీద ఉంది. పిలవాల్సిన బ్రహ్మచారికి ఇనప రజను పీల్చి పీల్చి ఉబ్బసం.

శనివారం పొద్దున మా గల్లీ చివర మెట్లబావి దగ్గర ప్రాక్టీసు పెట్టుకున్నారు. ఇంట్లో అయితే విజయమ్మ భయపడుతుందని. చూడ్డానికి ఘోరంగా ఉంది. బ్రహ్మచారి "ముందెవ్వడు" అంటే చివరి అక్షరం దగ్గర దగ్గు అందుకుంది. సుబ్బరాజు తన వరస రాకుండానే "నేను" అన్నాడు.

"ఏందిరా రాజు, ఒకటో వానికి ఊపిరి ఇయ్యవా? చచ్చినోడని జాగ కూడ గుంజుకుంటవా?"

"ఏమంటున్నాడ్రా వీడు?" అని సుబ్బరాజు శాంతికుమార్‌ని అడిగాడు.

"తొందర పడకు అంటుండు బ్రదర్."

"నాకు వినపడి చస్తేగా. ఆ మాట ముందే ఏడవొచ్చుగా."

చివరికి శాంతికుమార్ ఉపాయం చెప్పాడు. సుబ్బరాజు మణికట్టు తను పట్టుకుని, ఒక్కో వరస అయినప్పుడల్లా ఒక నొక్కు నొక్కుతాడు. అది కుదిరింది. రెండోసారి వరస బాగానే నడిచింది. అయితే ఆరు దగ్గర ఖాళీ వదిలితే, శాంతికుమార్ అన్న "నేను" బావి గోడలకు తగిలి వెనక్కొచ్చి సరిగ్గా ఆ ఖాళీలో పడింది.

శాంతికుమార్ నవ్వాడు. "అన్నడు చూడు తుకారాం."

బ్రహ్మచారి నవ్వలేదు. "ఇక్కడొద్దు. బావి పలికితే లెక్కల రాదు," అని మెట్లెక్కేశాడు.

ఆదివారం ఇంద్రజ వాళ్ల అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పనిచెయ్యడం లేదు. మూడో అంతస్తుకు ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరైనా పడితే పట్టుకుందామని వెనకే ఎక్కిన నేను గది గుమ్మంలోనే ఆగిపోయాను. తుకారాం కిటికీ వైపు తల వాల్చి ఉన్నాడు. ముక్కులో గొట్టం. గడ్డం ఎవరో శ్రద్ధగా గీశారు, చెవి కింద చిన్న గాటు పడింది.

బ్రహ్మచారి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. చాలాసేపు గాలి కూడదీసుకున్నాడు.

"ముందెవ్వడు?"

అది ఆ ఒంట్లోంచి వచ్చిందంటే నేను నమ్మలేకపోయాను. మంచం పక్కన బల్ల మీద స్టీలు గ్లాసు కంపించింది. వంటింట్లో ఇంద్రజ చేతిలో ఏదో కింద పడింది.

ఒకటో మనిషి కోసం ఊపిరి. "రెండు." సుబ్బరాజు "నేను" అన్నాడు. మూడుకు ఊపిరి, నాలుగుకు ఊపిరి. "అయిదు." శాంతికుమార్ పళ్లు చేత్తో అదిమిపెట్టుకుని "నేను" అన్నాడు.

ఆరు.

ఏమీ రాలేదు. ఒక ఊపిరి అయిపోయింది. బ్రహ్మచారి "ఏడు" అనలేదు. తుకారాం నోటివైపు చూస్తూ నిలబడ్డాడు. గొట్టంలో ఏదో పసుపుగా కదులుతోంది. రెండు నిమిషాలు, మూడు, నాలుగు. పక్కనే కుర్చీ ఉంది, కూర్చోడు. శాంతికుమార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు చేశాడు ఆ పని. ఆరో వరస అయిందన్నట్టు సుబ్బరాజు మణికట్టు నొక్కాడు.

సుబ్బరాజు ముఖం వెలిగిపోయింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది అని వేళ్ల మీద ఊపిర్లు లెక్కపెట్టుకున్నాడు. తల పైకెత్తి, ఉన్న శక్తంతా పెట్టి, ఆ గదిలో ఒక్కడే "అందరం" అని అరిచాడు.

పక్క ఫ్లాట్ వాళ్లు గోడ మీద కొట్టారు.

"ఎవడు చెప్పిండు నీకు?" బ్రహ్మచారి అతని వైపు తిరిగాడు. "వాడు పలికిండని ఎవడు చెప్పిండు?"

"ఏంట్రా? అన్నాడుగా?" సుబ్బరాజు ఒకరి ముఖం నుంచి ఒకరి ముఖానికి చూశాడు. "శాంతీ, అన్నాడంటివిగా?"

"ఎంతసేపు నిలబడతడు బ్రదర్ గట్ల?" అన్నాడు శాంతికుమార్. "ఊపిరి అయిపోయింది. నేనే నొక్కిన. ఇడువు ఇగ."

"నువ్వెవడివిరా వాని జాగల పలకనీకి? అప్పుడు నేనిడిస్తి. ఇప్పుడు నువ్విడుస్తవా?"

"ఆపుండ్రి," అంది ఇంద్రజ. గుమ్మంలో నా పక్కనే నిలబడి ఉంది. తడి చేతులు. నలభై రోజుల నిద్ర లేని ముఖం. "అన్నడో లేదో గదే గావాల్నా మీకు? అన్నడు. ఆ రోజే అన్నడు. మూడు సార్లు అన్నడంట. మొదటిది మీరు 'ఏడు' అన్నప్పుడే అన్నడు కాకా. రెండు గొంతులు ఒక్కసారే పడ్డయంట. మీది పెద్దది."

ఏం జరిగిందో తెలియని సుబ్బరాజు తన మణికట్టు మళ్లీ శాంతికుమార్ చేతికిచ్చాడు.

బ్రహ్మచారి అప్పుడు కూర్చున్నాడు. "అంటే నిండు ఊపిరి ఆగలే నేను," అన్నాడు, ఎవరితోనూ కాదు. తర్వాత ఆమెను అడిగాడు. "నీకెప్పటి సంది ఎరుక, బిడ్డా?"

"చిన్నప్పటి సంది."

"మల్ల వచ్చినప్పుడల్లా ఛాయ్ ఇచ్చినవ్ గద నాకు."

"ఇయ్యమన్నడు. మీకు చెప్పొద్దన్నడు." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. చెప్పినందుకు ఆమెకు తేలికైనట్టు నాకు కనిపించలేదు. "పదిన్నరయింది కాకా."

సోమవారం తుకారాంను మార్చేశారు. సందర్శన సమయం నాలుగు నుంచి ఆరు. బ్రహ్మచారి రోజూ రెండు బస్సులు మారి పోతున్నాడు, శాంతికుమార్‌ను వెంటబెట్టుకుని. మూడో మనిషిని లోపలికి రానివ్వరు కాబట్టి సుబ్బరాజు గేటు బయట బెంచీ మీద కూర్చుంటాడు. గడియారం చూసుకుని సరిగ్గా నాలుగూ పదికి, రోడ్డున పోయేవాళ్లు తిరిగి చూస్తున్నా పట్టించుకోకుండా, "నేను" అంటాడు. లోపల బ్రహ్మచారి అప్పటికి తుకారాం చెవి దగ్గర వంగి "ముందెవ్వడు" అని గొణిగి ఉంటాడు. శాంతికుమార్ తన వంతు అంటాడు. ఇక ఆరింటి దాకా ముగ్గురూ ఎదురుచూస్తారు.

నేను ఒకసారి వాళ్లతో పోయాను. తిరుగు బస్సులో మొహం మీదే చెప్పాను. ఆయన పలకడు, ఆ సంగతి మీకూ తెలుసు, "ఏడు" అని అనేస్తే మీకైనా కొంచెం నెమ్మది కదా అని.

బ్రహ్మచారి కిటికీ లోంచి చూస్తున్నాడు. ఆయన జేబులో ఇన్‌హేలర్ మూత ఊడిపోయి బస్సు కుదుపులకు టకటకమంటోంది.

"పలకకుంటే పలకకపోనీ," అన్నాడు. "నా నోట ఏడు రాదు."

నిన్నటికి ఇరవై మూడో రోజు. కేక ఇంకా ఆరు దగ్గరే ఉంది.