పుంగనూరు క్రీము విరిగిన వేసవి

1946 వేసవి. మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి మందుల గదిలో కాంపౌండరుగా అప్పటికి నాకు తొమ్మిదేళ్ళ సర్వీసు. డాక్టరు రాసిచ్చిన చీటీ చూసి మందు తూచడం, కలపడం, సీసాకెత్తడం నా పని. శనివారం మధ్యాహ్నం సెలవు. ఆ పూట బస్సెక్కి పుంగనూరు పోయి, నంజప్ప అనే ఆయన తయారుచేసే తల క్రీముకు సలహాలు చెప్పి వచ్చేవాణ్ణి. ఆ సలహాల్లో ఒకటి ఒక మనిషి పరువు తీసింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది, సగం నంజప్ప మీద, సగం నా మీద.

క్రీము తయారీ పెద్ద విద్యేమీ కాదు. నువ్వుల నూనె ఒక పాలు, సున్నపు తేట ఒక పాలు, వాసనకు కాస్త నిమ్మగడ్డి నూనె. నూనె, నీళ్ళు కలిసి తెల్లగా నిలిస్తే మా వృత్తిలో దాన్ని ఎమల్షన్ అంటాం. మళ్ళీ నూనె పైకి, నీళ్ళు కిందికి విడిపోతే క్రాక్ అయిందంటాం. పాలు విరిగినట్టే. ఆసుపత్రిలో కాలిన గాయాలకు పూసే మందు కూడా ఇదే లెక్కన కలుపుతాం కాబట్టి నంజప్ప నన్ను పిలిపించుకున్నాడు.

కలిపేది మాత్రం రాహేలమ్మ. నలభై ఏళ్ళుంటాయి. నాలాగే మిషన్ చర్చికి పోయే మనిషి. సున్నం తడిపి, తేరనిచ్చి, పైతేట వంచుకొని, నూనెను సన్నధారగా పోస్తూ రెండు గంటలు కవ్వంతో చిలికేది. వేసవి వస్తే నాలుగిళ్ళలో ఊరగాయలు పెట్టేది. ఈ రెండు పనుల మీదే ఆమె, ముసలి తల్లి బతికేవాళ్ళు.

నూనె కుప్పం నుంచి వచ్చేది. అక్కడి వ్యాపారి కొట్లో డబ్బాలు నెలల తరబడి పడివుండేవేమో, మూత తీస్తే కనరు వాసన గుప్పుమనేది. నాకది నచ్చలేదు. ఒక శనివారం నంజప్పతో, "తలకు పూసే సరుకుకు ఇంత పాత నూనె యాలప్పా? పక్క వీధిలోనే గానుగ ఉండాది గదా, తాజాది తెప్పించు" అన్నాను.

రాహేలమ్మ కవ్వం ఆపింది. "తాజా నూనె కలవదప్పా. పోయినేడు ఒకసారి సేసి సూస్తిమి, విరిగిపాయ. పాతదే పట్టుకుంటాది."

నేను నవ్వాను. "నూనె పాతబడితే మంచిదని యాడ చదివినావమ్మా?"

ఆమె మళ్ళీ చిలకడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గానుగ నూనెతో కలిపిన మొదటి కుండ మూడో రోజుకే సీసాల్లో విరిగింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అంగళ్ళవాళ్ళు సీసాలు తిప్పి పంపారు. అది జరిగాక వచ్చిన శనివారం నేను పోయేసరికి రాహేలమ్మ లేదు. నంజప్ప వసారాలో తీరిగ్గా కూర్చొని వక్కాకు వేసుకుంటున్నాడు.

"కారణం దొరికిందప్పా" అన్నాడు. "ఆ యమ్మ ముట్టు దినాల్లో గూడా కుండలో చెయ్యి పెడతాండాది. మీ కిరస్తానోళ్ళకు ఆ మూడు దినాల పట్టింపు లేదు గదా. ఊరగాయే చెడిపోతాది, ఇదెంత? పనిలోనుంచి తీసేసినా."

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో. నంజప్ప ఇంతటితో ఊరుకోలేదు, ఈ మాట బజారంతా చెప్పాడు. సరిగ్గా ఊరగాయల కాలం. నాలుగిళ్ళవాళ్ళూ రాహేలమ్మను రావద్దన్నారు. నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారట. ఎన్నో ఏళ్ళుగా ఆమె చేతి ఊరగాయ తిన్నవాళ్ళు, ఒక్క జాడీ చెడిందని చెప్పలేనివాళ్ళు, ఆ మాటన్నారు.

నేనూ కిరస్తానీనే. నా చెయ్యి తగిలిన మందుతో జబ్బు నయమవుతుంది, ఆమె చెయ్యి తగిలిన క్రీము చెడిపోతుందట. ఆ పూటే నాకు నూనె మీద అనుమానం తగిలింది. అయినా నోరు విప్పలేదు. విప్పితే తప్పు సలహా నాదని తేలుతుంది. "ఇంకోసారి సూద్దాంలే" అని, రెండు నూనెలూ, సున్నపు తేటా కాస్త కాస్త సీసాల్లో పోయించుకొని మదనపల్లె బస్సెక్కాను. ఆ సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు.

ఆ వారం ఆసుపత్రిలో పని ముగిశాక ఒక్కొక్కటే పరీక్షించాను. మొదట సున్నపు తేట. గాజు గొట్టంతో అందులోకి ఊదితే పాలలాగా తెల్లబడింది, అంటే సత్తా ఉంది. చిలకడంలో లోపమా అని నా చేత్తోనే గానుగ నూనెతో కలిపాను. ఎండలో పెడితే గంటకే విరిగింది. కుప్పం డబ్బాలో అడుగున మిగిలిన పాత నూనెతో కలిపాను. సాయంత్రం దాకా ఎండలో ఉన్నా చెక్కుచెదరలేదు. చివరికి రెండు నూనెల్లోనూ ఫ్రీ యాసిడ్ ఎంతుందో చూశాను. నూనె పాతబడే కొద్దీ అందులో పుట్టే పులుపు అది. పాత నూనెలో పుష్కలంగా ఉంది, తాజా నూనెలో దాదాపు లేదు. ఆ పులుపు సున్నంతో కలిస్తే ఒక రకం సబ్బు తయారవుతుంది. నూనెను, నీళ్ళను పట్టి ఉంచేది ఆ సబ్బే. పాతదే పట్టుకుంటాదని రాహేలమ్మ చెప్పింది ఇదే.

శనివారం పోయి, తప్పు నాదేనని నంజప్పకు చెప్పాను. ఆయన విన్నాడు, తల కూడా ఊపాడు. "పాత నూనే తెప్పిస్తాలే. కానీ బజార్లో అన్న మాట ఎట్ల వెనక్కి తీసుకునేది? పూజారిని పిలిపించి కుండలన్నీ శుద్ధి సేయించినా. దాంతో బాగైందనుకుంటారు, పోనీ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అంత శుద్ధి సేయించినావు గదా, గానుగ నూనె కుండ నువ్వే కలుపు. పాత నూనె కుండ రాహేలమ్మ కలుపుతాది. ఆ నాలుగిండ్ల ఆడోళ్ళను, అంగళ్ళోళ్ళను పిలువు. ఆమె కుండ నిలిస్తే, తప్పు ఆమెది కాదని వాళ్ళ ముందర నీ నోటితో సెప్పాల" అన్నాను. పూజారి మీద నమ్మకమో, నేను ఆసుపత్రి మనిషినన్న మొహమాటమో, ఒప్పుకున్నాడు.

అటునుంచి అటే రాహేలమ్మ ఇంటికి పోయి సంగతి చెప్పాను. "ఎప్పుడు?" అంది. "వచ్చే శనివారం." ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "సరే. ఆ పొద్దే పెట్టుకో" అంది.

శనివారం నంజప్ప పెరట్లో పదిమంది చేరారు. ఎవరి కుండ వాళ్ళు కలిపాక రెండూ ఎండకు పెట్టాం. గంట గడిచేసరికి నంజప్ప కుండలో నూనె పైకి తేలింది. రాహేలమ్మ కుండలో కవ్వం ఎత్తి చూపించాను. క్రీము తెల్లగా అంటుకొని ఉంది, జారలేదు. నేను నంజప్ప వైపు చూశాను. చెప్తానన్న మాట చెప్పాలి కదా.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈ పొద్దు శుద్ధిగా ఉండింటాది. అందుకే నిలిచింది" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే రాహేలమ్మ చెయ్యి తుడుచుకుంటూ, గొంతు పెంచకుండా, "ఈ పొద్దు నాకు రెండో దినమప్పా" అంది.

అంగడివాళ్ళిద్దరూ తలలు దించుకున్నారు. నాలుగిళ్ళ ఆడవాళ్ళలో పెద్దావిడ దగ్గరికొచ్చి, కుండలో వేలు పెట్టి, కాస్త తీసి అరచేతికి రాసుకుంది. "రేపొచ్చి మామిడికాయలు కొయ్యమ్మా" అని వెళ్ళిపోయింది. నంజప్ప మాత్రం ఒప్పుకున్న ఆ ఒక్క మాట చెప్పలేదు. మైలపడిందని ఆ కుండను పారబోస్తాడేమో అనుకున్నాను. శుభ్రంగా సీసాలకెత్తి తర్వాతి సంతలో అమ్మాడు. నేను మళ్ళీ ఆయన గడప తొక్కలేదు, రాహేలమ్మా తొక్కలేదు.

ఆ పొద్దు బస్సు దగ్గరికి పోతూ నేను సంబరంగా, "భలే బుద్ధి చెప్పినావమ్మా" అన్నాను. ఆమె ఆగింది. అంత కోపం ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

"నూనె సంగతి నీకు ముందే సెప్తిని గదప్పా. ఆ పొద్దు నువ్వు వినింటే, ఈ పొద్దు మొగోళ్ళ ముందర నేనా మాట అనాల్సిన పని ఉండేదా?"

తర్వాత ముప్పై ఏళ్ళు మందులు కలిపాను. ఏది విరిగినా, ఏది చెడినా, పుస్తకం తెరవకముందు కలిపిన మనిషిని పిలిచి అడిగేవాణ్ణి. మంచి అలవాటని కొత్తగా చేరిన కాంపౌండర్లు మెచ్చుకునేవారు. అది నాకు ఎట్లా అబ్బిందో వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు.