రామాఫలం పువ్వు చూడబోయి, గింజల సంగతి సగమే చెప్పాను

విజయనగరంలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. సీతాఫలం, రామాఫలం, లక్ష్మణఫలం మూడూ అనోనా అనే ఒకే ప్రజాతివని ఏటా బోర్డు మీద బొమ్మలు గీస్తాను. మొదటిది పెరట్లో పొదలా గుబురుగా ఉంటుంది, రెండోది చెట్టంత ఎదుగుతుంది, మూడోదాని కాయకు మెత్తని ముళ్ళుంటాయి. ఈ ఏడాది వెనక బెంచీ అమ్మాయి ఒకతె "రామాఫలం పువ్వు మీరెప్పుడైనా చూశారా మేడమ్?" అనడిగింది. చూడలేదు. పదహారేళ్ళుగా చూడనిదాన్ని గీస్తున్నానని తెలిసి నాకే సిగ్గేసింది. దసరాకు ముందు ఒక ఆదివారం బయల్దేరాను.

నేను పుట్టు భయస్తురాలిని. ఆరు గంటల బస్సుకి అయిదుంపావుకే ఆర్టీసీ కాంప్లెక్సులో ఉన్నాను. ఆధార్ కార్డు ఉందో లేదో మూడుసార్లు తడిమి చూసుకున్నాను, ఎందుకంటే అది చూపిస్తేనే ఆడవాళ్ళకు డబ్బు కట్టక్కర్లేని సున్నా టికెట్. నేరుగా శ్రీకాకుళం వెళ్ళొచ్చు గానీ, సీతాఫలాల కోసం రాజాం మీదుగా వెళ్ళాను. ఏడున్నరకల్లా అక్కడ దిగితే రోడ్డు పక్కన గంపలు బారులు తీరి ఉన్నాయి. "కళ్ళు విచ్చుకున్న కాయ తీసుకోమ్మా, రేపటికి పండుతాది" అని ఒకావిడ డజను ఏరి ఇచ్చింది. ఇడ్లీ తిని, చిలకపాలెం, ఎచ్చెర్ల మీదుగా వెళ్ళే బస్సెక్కి పదింటికి శ్రీకాకుళం చేరాను. వాన పడుతుందేమో, చెట్టు దొరకదేమో అని దారంతా బెంగే. బెంగపడాల్సిన విషయం మాత్రం నా బుర్రకు తట్టలేదు.

కాంప్లెక్సు బయట సింహాచలం అనే ఆటో అతను దొరికాడు. రామాఫలం చెట్టు ఎక్కడైనా తెలుసా అంటే నవ్వాడు. "మా ఇంటెనకే ఉన్నాది మేడం. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు ఎల్లాల. రానూ పోనూ, ఉండడానికీ కలిపి ఏడొందలివ్వండి." బేరమాడకుండా ఎక్కేశాను. వినేవాడు దొరికితే నాకు నోరు ఊరుకోదు. అనోనా పువ్వు మొదట ఆడదిగా ఉండి తర్వాత మగదవుతుందని, పుప్పొడి మోసేది తేనెటీగ కాదు, చిన్న పెంకుపురుగులని చెప్పుకుంటూ పోయాను.

"మరి గింజలెందుకైనా పనికొస్తాయేటి?" అన్నాడు.

"నూరి తలకు రాస్తే పేలు చస్తాయి. పురుగుల మందుతో సమానం" అన్నాను గొప్పగా.

అతను ఆటో పక్కకాపి ఇంటికి ఫోన్ చేశాడు. "ఒసే లచ్మీ, సీతాఫలం గింజలు ఎండబెట్టావు కదా, నూనెలో నూరి పాపకు రాసీ. బళ్ళో పేలు అంటించుకొచ్చింది కదా. కాలేజీ మేడం సెప్పారు." ఇంకేదో చెప్పాలని నాకు లోపల గీరింది. ఈలోగా శ్రీకూర్మం గుడి దగ్గర జనం అడ్డొచ్చారు, నేను చెట్టు ఎంత ఎత్తుంటుందని అడిగాను, ఆ మాట అలాగే పోయింది.

పదకొండున్నరకు వాళ్ళ ఇంటికి చేరాం. అరుగు మీద సింహాచలం తల్లి పోలమ్మ చేపల గంప కడుగుతోంది. అతని కూతురు, తొమ్మిదేళ్ళ మౌనిక, తలకు గింజల ముద్ద పట్టించుకుని కూర్చుని ఉంది. నేను తిన్నగా పెరట్లోకి పోయాను. అంతెత్తు చెట్టు, కొమ్మకు తలకిందులుగా వేలాడుతున్న పసుపుపచ్చ పువ్వు, మూడే దళసరి రేకులు. ఫోటో తీస్తుండగా స్నానాల గదిలోంచి కేక వినిపించింది. తల మీద నీళ్ళు పోసేసరికి ముద్ద జారి కుడి కంట్లో పడింది.

ఆ గింజల పొడి కంటి పైపొరను తినేస్తుందని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. సింహాచలం భార్య లక్ష్మి ఆముదం తెచ్చి వెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాను. "ఏమీ వద్దు, నీళ్ళు, మంచినీళ్ళు!" పాపను పక్కకు వాల్చి, రెప్పలు విడదీసి, క్యాన్ నీళ్ళు పావుగంట ధారగా పోశాం. పిల్ల గింజుకుంటూ ఏడుస్తున్నా ధార ఆపలేదు. తర్వాత అందరం ఆటోలో పడ్డాం. శ్రీకాకుళానికి ఆ ముప్పావుగంటా "సూపు పోదు కదా మేడం?" అని లక్ష్మి ఎన్నిసార్లడిగిందో. పోదు అనే ధైర్యం నాకు లేకపోయింది.

కంటి డాక్టరు దీపం వేసి చూశాడు. "ఇది రాయమని ఎవరు చెప్పారు?" అన్నాడు. సింహాచలం నా పేరెత్తకుండా నేల చూపులు చూస్తున్నాడు. నన్ను కాపాడుతున్నాడని అర్థమై ఏడుపొచ్చింది.

"నేనే" అన్నాను. "బోటనీ చెబుతాను."

ఆయన పాప కంట్లో మందు వేసి కట్టు కట్టాడు. పైపొర లేచిపోయిందని, వెంటనే కడగడం మంచిదైందని, రేపు కట్టు విప్పితే గానీ ఏమీ చెప్పలేనని మాత్రం అన్నాడు. ఆ రోజు తిరిగి వెళ్ళలేకపోయాను. బస్టాండు పక్క లాడ్జిలో తొమ్మిదొందలకు గది తీసుకుని, ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండరు చదవడానికి ప్రయత్నించాను.

సోమవారం పదింటికి కట్టు విప్పారు. డాక్టరు ఎడమ కన్ను మూయించి వేళ్ళు చూపించాడు. మౌనిక చాలాసేపు చూసింది. "మూడు. మసగ్గా ఉన్నాది గానీ మూడే" అంది. వారంలో ఆ మసక కూడా పోతుందని ఆయన చెప్పాక గానీ నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

"మీరు మంచికే సెప్పారు, మీరేటి సేస్తారు మేడం" అన్నాడు సింహాచలం. పోలమ్మ అలా వదల్లేదు. "మా కాలంలో ముందు కళ్ళకి గుడ్డ కట్టి, అప్పుడు రాసీవోళ్ళం. నిన్న నేను కడదామంటే, సదూకున్న మేడం సెప్పనేదు కదా, అక్కర్నేదేమో అన్నాది మా కోడలు. మందు సెప్పినోళ్ళు పత్యం కూడా సెప్పాలమ్మా."

ఆ మాట నన్నింకా వదల్లేదు. ఆ ఇంట్లో తెలిసినవాళ్ళు ఉన్నారు, తెలిసిన జాగ్రత్త ఉంది. నా డిగ్రీని చూసి వాళ్ళు దాన్ని పక్కన పెట్టేశారు. నేను తెచ్చిన ఫోటోలో పువ్వు చక్కగా పడింది, క్లాసులో చూపించాను కూడా. ఆ పీరియడ్ గింజ దగ్గర మొదలుపెట్టి గింజ దగ్గరే ముగించాను.

మీరు ఆ వైపు వెళితే శ్రీకాకుళం నుంచి ఆటో మాట్లాడుకోండి, మధ్యాహ్నంలోపు చెట్టు చూసి రావచ్చు. సీతాఫలం దారిలో తిన్నా గింజలు నూరే పని మాత్రం పెట్టుకోకండి. ఎవరి కంట్లోనైనా ఆ పొడి పడితే నలపనివ్వకుండా పావుగంట మంచినీళ్ళు పోసి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆయన ఎవరు చెప్పారని అడిగితే, చెప్పింది మీరే అయితే, పక్కవాళ్ళు చెప్పేదాకా ఆగకుండా మీరే ఒప్పుకోండి.