నేను చూసొచ్చిన రెండు వెల్డింగ్ స్కూళ్లు

మా అక్క కూతురు వెల్డింగ్ నేర్చుకుంటానన్నప్పుడు ఇంట్లో నవ్వినవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ టీ గ్లాసు అడ్డం పెట్టుకుని. నిజానికి నవ్వాల్సిన విషయమేమీ లేదు. పద్దెనిమిదేళ్లకే విరిగిన స్టూలు కాలు, ఊడిన తలుపు గడియ, పక్కింటివాళ్ల సైకిలు స్టాండు అన్నీ దాని చేతిమీదుగానే బాగయ్యేవి. బావ పోయాక అక్క స్కూలు సంచులు కుట్టే షెడ్డులో పనిచేస్తూ దాన్ని పెంచింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసేవాడివి, నీకు తెలియని చోటుండదు. రెండు స్కూళ్లున్నాయట. చూసి రా. నువ్వు ఏది బాగుందంటే అదే," అంది అక్క.

అక్కది వేరే ఊరు. స్కూళ్లలో ఒకటి మా ఊళ్లోనే, మా ఇంటికి పది నిమిషాల నడక. రెండోదానికి ఐదు గంటలు బస్సులో కూర్చోవాలి. ఫీజు రెండింటికీ ఒకటే. తేడా అంతా ఉండటానికీ తినడానికీ అయ్యే ఖర్చులోనే ఉంది. దగ్గరిదైతే పిల్ల మా ఇంట్లో ఉంటుంది. దూరందైతే గది అద్దె మొదలుకుని ఒంటి సబ్బు దాకా కొనుక్కోవాలి.

బయల్దేరేముందు మా వీధి చివర గేట్లు చేసే వెల్డర్‌ని సలహా అడిగాను. ఆయన మాస్కు పైకెత్తి, "భవనం చూడకండి సార్, చెత్తడబ్బా చూడండి. కాల్చి పారేసిన రాడ్ ముక్కలు డబ్బా నిండా ఉంటే పిల్లలకి పని నేర్పుతున్నట్టు. ఖాళీగా ఉంటే ఫీజు మాత్రమే తీసుకుంటున్నట్టు," అన్నాడు.

చూశాను. మా ఊరి స్కూలు రేకుల షెడ్డు. గోడలన్నీ మసి. మూలనున్న డ్రమ్ము నిండిపోయి నేలంతా రాడ్ ముక్కలే. ఒకటి నా చెప్పులోకి దిగింది కూడా. దూరపు స్కూల్లో మెరిసే టైల్స్, తొడుగులు వేసిన కొత్త మెషీన్లు, తోమి బోర్లించినట్టున్న చెత్తడబ్బా.

అన్నీ చూసినవాణ్ణి వచ్చి ఏం చెప్పాను? "దూరందే బాగుందక్కా. మెషీన్లు అద్దాల్లా ఉన్నాయి," అన్నాను.

ఎందుకంటే, మాది హాలు కాక ఒకటే గది ఉన్న ఇల్లు. ఇరవై రెండేళ్లు నేను హాల్లోనే పడుకున్నాను. మొదట అమ్మ జబ్బు, తరవాత మా అమ్మాయి చదువు. అమ్మాయి ఉద్యోగానికి వెళ్లాక ఆ గది నాకు దక్కి అప్పటికి నలభై రోజులు. పడక కుర్చీ కొనుక్కున్నాను. తలుపేసుకుని, ఎవరి చేతా మాట పడకుండా గురకపెట్టే సుఖం మరిగాను. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేది. లేదు.

"నీ దగ్గరే ఉంచుకోవాలని నీకుండదా? అయినా పిల్ల బాగే చూశావు," అని అక్క కళ్లు తుడుచుకుంది. నేను తల ఊపాను. ఊపానండీ!

పిల్ల అక్కడ చేరిన నాలుగు నెలలకి చూడ్డానికి వెళ్లాను. టైర్ల కొట్టు మీద ఒక గది, అందులో నలుగురు ఆడపిల్లలు. తెల్లవారకముందే లేచి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి, అద్దె సంపాదించుకుని, స్కూలుకి వెళ్తోంది. మనిషి సగమైంది. నాకో బన్ను పెట్టి, "నాకు ఆకలి లేదు మామయ్యా," అంది. మేకుకి వేలాడుతున్న గ్లౌజుల మీద మచ్చ కూడా లేదు.

"కొత్తవి కొన్నావా?"

"మొదటివే. రోజుకి రెండు రాడ్లే ఇస్తారు. మిగతాసేపు బోర్డు మీద బొమ్మలు."

"మరి అమ్మతో చెప్పలేదేం?"

"నువ్వు సెలవు పెట్టుకుని, బస్సులెక్కి చూసొచ్చిన స్కూలు కదా. బాగాలేదంటే నీకు చిన్నతనం కాదూ? ఇంకో ఆరు నెలలు ఎలాగో లాగేస్తాలే."

బన్ను పక్కన పెట్టాను. చెప్పేశాను. డ్రమ్ము, టైల్స్, గది, కుర్చీ, గురకతో సహా.

మేకుకున్న గ్లౌజులు తీసి ఒళ్లో పెట్టుకుంది. "గది కోసమా?"

"అవును."

"అడిగితే నేను హాల్లో పడుకునేదాన్ని కదా మామయ్యా."

నాలుగు తిట్టినా హాయిగా ఉండేది.

మరుసటి నెల మా ఇంటికొచ్చి, మా ఊరి స్కూల్లో మళ్లీ మొదటి పాఠం నుంచి చేరింది. ఫీజు నేనే కట్టాను. అదేమీ గొప్ప కాదు. ఇప్పుడు దాని చొక్కా చేతులనిండా నిప్పురవ్వల చిల్లులు. అక్కకి మాత్రం అసలు సంగతి చెప్పలేదు. అక్కేమో, "ఆ స్కూలువాళ్లు మోసం చేశారు, మా తమ్ముడే వెళ్లి పిల్లని తీసుకొచ్చాడు," అని తను సంచులు కుట్టే షెడ్డంతా చెప్పుకుంటోంది.

మొన్న పక్కింటి మెట్ల రెయిలింగు విరిగితే వెల్డింగ్‌కి ఒక అమ్మాయి వచ్చింది. మా ఊరి స్కూల్లోనే పది నెలలు పూర్తిచేసి పనిలో చేరిందట. మా మేనకోడలు గంటసేపు నిలబడి చూసింది. ఆ అమ్మాయి వెళ్లాక అతుకు మీద వేలు పెట్టి చివరిదాకా తడిమింది.

"బాగా చేసింది. నేనూ అప్పుడే చేరుంటే ఇద్దరం ఒకే బ్యాచ్, మామయ్యా," అంది. ఎత్తిపొడుపు కాదు. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది.

వెంటనే అక్కకి ఫోన్ చేశాను.

"చెప్పరా," అంది.

"పిల్ల పని బాగా నేర్చుకుంటోందక్కా," అన్నాను.

అది నిజమే. మిగతాది ఇంకా చెప్పలేదు.