బిగిసిన క్లచ్

నౌపడ ఉప్పు మడుల్లో గోవిందరావు మొహం ఎరగనివాళ్లు ఉంటారేమో గానీ, అతని బుల్లెట్టు చప్పుడు ఎరగనివాళ్లు లేరు. మడుల మీద మేస్త్రీ అతను. పొద్దున్నే గట్టు మీద ఆ దడదడ వినబడితే చాలు, అంతవరకూ చుట్టలు కాల్చుకుంటూ కబుర్లాడుతున్న కూలీలు గబగబా పారలు అందుకునేవారు. "మేస్త్రీ కంటే ముందు మేస్త్రీ సప్పుడొస్తాది" అని నవ్వుకునేవారు. ఆ నవ్వు అతనికి తెలుసు. తెలిసీ సైలెన్సరు మార్పించలేదంటే అతని సరదా ఎలాంటిదో మీరే అర్థం చేసుకోండి.

ఎప్పుడో ఉప్పు శాఖలో పనిచేసిన ఇన్‌స్పెక్టరొకాయన బదిలీ మీద వెళ్లిపోతూ అమ్మేసిన బండి అది. పాతకాలపుది కాబట్టి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్త బండ్లకు అలవాటుపడిన కుర్రాళ్లు ముచ్చటపడి ఎక్కితే, గేరనుకుని బ్రేకు తొక్కి బోర్లాపడేవారు. గోవిందరావు పక్కన నిలబడి మీసం దువ్వుకునేవాడు. ఉప్పు గాలికి ఆ చుట్టుపక్కల గడప గొళ్లెం కూడా తుప్పుపట్టి రాలిపోతుంది. అతని బండికి మాత్రం తుప్పు పట్టడానికి ధైర్యం చాలేది కాదు. వారం వారం నూనె గుడ్డతో తుడిచేవాడు. "పెల్లాం తలకి ఒక్కనాడైనా నూనె రాసినాడేటి ఈ మనిషి?" అని గున్నమ్మ వీధివీధంతా వినబడేలా దెప్పేది. పిల్లలు లేని ఇల్లు. ఆ దెప్పుళ్లే సందడి.

ఆ గున్నమ్మకే కిడ్నీలు పాడయ్యాయి.

ఆ వైపు పల్లెల్లో ఇది కొత్త జబ్బేమీ కాదు. రక్త పరీక్షలో వచ్చే అంకెను అక్కడ 'నెంబరు' అంటారు. బావి దగ్గర, కిళ్లీకొట్టు దగ్గర, పెళ్లి పందిట్లో కూడా "నెంబరెంతొచ్చినాది?" అనే పలకరింపు. ఆ నెంబరుకు జడిసే మగవాళ్లు చాలామంది పరీక్ష వైపు పోరు. "రగతం ఇచ్చినోడే మంచమెక్కుతాడు, ఇవ్వనోడు తిరుగుతానే ఉంటాడు" అని వాళ్ల లెక్క. మంచమెక్కేవాడే చివరికి రక్తం ఇస్తున్నాడన్న సంగతి ఆ లెక్కలోకి రాదు. గోవిందరావూ ఆ బాపతే. మడుల దగ్గరకు పరీక్షల వ్యాను వచ్చిన రోజున ఏదో పని కల్పించుకుని బుల్లెట్టు మీద అవతలి గట్టుకు పోయి, వ్యాను వెళ్లిపోయాకే తిరిగి వచ్చాడు. కూలీలందరినీ వరసలో నిలబెట్టింది మాత్రం తనే.

గున్నమ్మకు వారానికి మూడుసార్లు టెక్కలిలో డయాలసిస్. మొదట్లో షేరు ఆటోలో వెళ్లేవారు. ఒకసారి ఆటోవాడు జనం నిండలేదని కదలక, వాళ్లు చేరేసరికి ఆమె వంతు దాటిపోయింది. ఆ మర్నాటికి గున్నమ్మకు ఊపిరి అందలేదు. పడుకుంటే మునిగిపోతున్నట్టు లేచి కూర్చునేది. ఆ గురకా, ఆ కళ్లూ చూశాక గోవిందరావు ఆటోలకు దండం పెట్టేశాడు. "నా బండుండగా నిన్ను ఒకడి దయకొగ్గనే. నాను బతికున్నన్నాల్లు నిన్ను టయానికి తీసుకెల్తాను, తీసుకొస్తాను" అన్నాడు. అన్నట్టే వాన వచ్చినా ఎండ కాసినా తీసుకెళ్లాడు. గున్నమ్మ వెనకాల పక్కకు తిరిగి కూర్చుని, కుడిచేత్తో అతని నడుం పట్టుకునేది. ఎడమచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టుకునేది. సూదులు గుచ్చడం కోసం ఆ చేతిలో ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు. ఆ చెయ్యి పాడైతే డయాలసిస్ లేదు. డయాలసిస్ లేకపోతే గున్నమ్మ లేదు.

బండి మొరాయించడం ఆ ఎండాకాలంలో మొదలైంది. ముందు క్లచ్ బిగిసింది. లాగుతుంటే రాయిని పిసుకుతున్నట్టుంది. ఉప్పు గాలికి వైరు ఎండిపోయి ఉంటుందని గోవిందరావు అనుకున్నాడు. తనే వైరు ఊడదీసి, నూనె పోసి, ఆడించి బిగించాడు. రెండు రోజులు నయంగా ఉన్నట్టనిపించింది. అనిపించింది, అంతే. తర్వాత గేర్లు తప్పడం మొదలైంది. రెండు నుంచి మూడుకు తొక్కితే మూడు పడేది కాదు. మధ్యలో ఎక్కడో న్యూట్రల్లో చిక్కుకుని, ఇంజను ఖాళీగా అరిచేది. వెనకాల లారీ హారను, చెవి పక్కన గున్నమ్మ గొంతు.

"ఏటైనాది?"

"గేరు పడ్నేదే."

"నువ్వు తొక్కినావేటి?"

"తొక్కకేటి, పాలు పితుకుతున్నానేటి!" అని కసిరేవాడు.

టెక్కలిలో ఈశ్వర్ అని పాత బండ్ల మెకానిక్ ఉన్నాడు. వరసకు గోవిందరావుకు బావమరిది. గున్నమ్మ సూదులకు కట్టుబడి ఉన్న నాలుగు గంటలూ గోవిందరావు అతని షెడ్డులోనే గడిపేవాడు. ఈశ్వర్ మంచి పనివాడు, మనిషి కొంచెం నస. "క్లచ్ బిగుసుకుంటే ఒక జబ్బు, గేరు తప్పితే ఇంకో జబ్బు బావా. రెండూ ఒక్కపాలే వస్తే ముందు క్లచ్చే సూడాల. క్లచ్ సరిగ్గా ఒగ్గకపోతే గేరెక్కడ పడతాది?" అంటూ కొత్త వైరు వేశాడు. స్ప్రింగులు తీసి మెత్తనివి వేశాడు. ప్లేట్లు విప్పి చూసి, గీకి, మళ్లీ కూర్చాడు. ప్రతిసారీ గోవిందరావు బండెక్కి వీధి చివరిదాకా వెళ్లి వచ్చి, తల అడ్డంగా ఊపేవాడు.

"ఇంకా బిగువే. సగం లాగితే సాలు ఒగ్గేలా పెట్టు."

"అలగ పెడితే క్లచ్ జారిపోతాది బావా. వైరుకి కాస్త ప్లే, వదులుండాల."

"ప్లే నేదు గీ నేదు. నా సెయ్యి నొప్పెడుతంది, నువ్వు పెట్టు!"

చెప్పినమాట వినని గిరాకీ దేవుడితో సమానం. ఈశ్వర్ పెట్టాడు. ఆ సాయంత్రం కాలువ వంతెన ఎక్కేచోట ఇంజను గొంతు చించుకుంటోంది గానీ చక్రం తిరగదు. క్లచ్ జారిపోతోంది. అప్పుడే డయాలసిస్ చేయించుకుని కళ్లు తిరుగుతున్న గున్నమ్మ దిగి, వంతెన మీదకు నడిచింది. మధ్యలో రెండుసార్లు పిట్టగోడ పట్టుకుని నిలబడింది. గోవిందరావు వెనక బండి తోసుకుంటూ, ఆమె మడమలు చూస్తూ నడిచాడు. తనను తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఈశ్వర్ మళ్లీ సెట్టింగు పాత చోటికి తెచ్చాడు. గేరుబాక్సు విప్పాడు. పళ్లు అరగలేదు. గేరు రాడ్డు వదులు కాలేదు. అయినా అరిగినట్టు అనుమానం ఉన్న ముక్కల్లా మార్చేశాడు. గోవిందరావుకు రాత్రి నిద్ర పోయింది, పగలు అన్నం పోయింది. ఏం తిన్నా నోట్లో చేదు. బండి బెంగ అనుకున్నాడు. కాళ్లు తిమ్మిర్లెక్కుతుంటే షెడ్డులో గంటల తరబడి గొంతుక్కూర్చోవడం వల్ల అనుకున్నాడు. మనిషికి ఒక సాకు దొరికితే ఎన్నిటికైనా వాడుకుంటాడు.

సోమవారం పొద్దున్న రైలు గేటు దగ్గర జరిగింది. గేటు తెరిచే ఉంది. పట్టాల ముందు నెమ్మదించి, క్లచ్ లాగి గేరు మార్చబోయాడు. వేళ్లు సగంలో ఆగిపోయాయి. బండి ఎగిరిపడి, పట్టాల మధ్యలో ఆగిపోయింది. వెనక బరువు తేలికైంది. తిరిగి చూస్తే గున్నమ్మ కంకర మీద వెల్లకిలా పడి ఉంది. నడుం విరిగేలా పడిన మనిషి, ఎడమచెయ్యి మాత్రం నేలకు తగలనివ్వకుండా నిటారుగా పైకెత్తి పట్టుకుంది. గేటుమాన్ కేకలు వేస్తూ పరిగెత్తుకొచ్చాడు. అతనూ గోవిందరావూ కలిసి ఆమెను, తర్వాత బండిని పట్టాలు దాటించారు. రైలు రాలేదు. గోవిందరావు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"సెయ్యి సూడవే, సెయ్యి సూడు" అన్నాడు ఏడుపు గొంతుతో.

గున్నమ్మ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. లోపల రక్తం జుమ్మని పారుతున్న చప్పుడు వినబడితే ఆ చెయ్యి బాగున్నట్టు. "ఉన్నాది" అంది. తర్వాత అతని వైపు చూసింది. తిట్టలేదు. ఆ తిట్టకపోవడం గోవిందరావుకు అర్థం కాలేదు.

ఆమెను ఎలాగో డయాలసిస్ సెంటర్లో దింపి, షెడ్డుకు పోయి ఈశ్వర్ చొక్కా పట్టుకున్నాడు. "నా పెల్లాన్ని సంపేస్తావేట్రా! పట్టాల మీద పడేసినాది నువ్వు బాగుసేసిన బండి! ఏటి సేసినావు ఇన్నాల్లూ, ఏటి సేసినావు?"

ఈశ్వర్ చొక్కా విడిపించుకోలేదు. ఆ పట్టు దానంతటదే జారిపోయింది. ఈశ్వర్ బండెక్కి, కిక్కు కొట్టి, బజారు దాటి పోయాడు. కాసేపటికి తిరిగి వచ్చాడు. వస్తూ వస్తూ గేర్లన్నీ ఒక్కొక్కటే దించాడు. టక్కు టక్కుమని పడ్డాయి. షెడ్డు ముందు ఆపి, గోవిందరావు చూస్తుండగా క్లచ్ రెండు వేళ్లతో లాగి చూపించాడు.

"బండికేటీ నేదు బావా."

"ఉన్నాది."

"నేదు. ఏదీ, నువ్వు లాగు."

గోవిందరావు లాగాడు. మీట సగం దాకా వచ్చి ఆగింది. రెండో చెయ్యి కూడా వేయబోయి, ఈశ్వర్ చూస్తున్నాడని ఆగాడు. ఈశ్వర్ చూస్తున్నది చేతిని కాదు, కాళ్లను. గోవిందరావు కుడికాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో, సెంటరు నుంచి ఎండలో కాలే తారు రోడ్డు మీద ఎంత దూరం వట్టి పాదంతో దిగుతూ ఎక్కుతూ వచ్చాడో, అతనికి తెలియనే తెలియదు. అరికాలి పక్కన చర్మం లేచి రక్తం చెమ్మగిల్లి ఉంది. చూశాక కూడా మంట పుట్టలేదు.

"మా అన్నకీ ఇలగే..." అని ఈశ్వర్ ఏదో అనబోయాడు.

"వద్దు" అన్నాడు గోవిందరావు. స్టూలు మీద కూలబడ్డాడు. మడుల మీద నలభై మందిని అదిలించిన మనిషి, చిన్నవాడి ముందు చేతులు జోడించాడు. "నీకు దండవెడతాను ఈశ్వరూ. గేరుబాక్సు పోయిందని సెప్పు. ఇంజనే పోయిందని సెప్పు. ఏదో ఒకటి పోయిందని సెప్మీ."

 ఈశ్వర్ తీసిన పానా మళ్లీ సంచీలో పెట్టాడు. కుండలో నీళ్లు తెచ్చి ఆ పాదం మీద పోసి, చెయ్యి పట్టుకుని సెంటరు దాకా నడిపించాడు. బుల్లెట్టు షెడ్డులోనే ఉండిపోయింది.

గున్నమ్మ మంచం మీద ఉంది. రెండు గొట్టాల్లో ఆమె రక్తం యంత్రంలోకి పోయి తిరిగి వస్తోంది. గోవిందరావు చేతిలో బండి తాళం లేకపోవడం చూసింది. వెనకాల నిలబడ్డ ఈశ్వర్ మొహం చూసింది.  సిస్టరును పిలిచింది.

"సైలజమ్మా, ఈయనకి రగతం తియ్యి తల్లీ."

"ఒసే, నోర్ముయ్!" అని గోవిందరావు వెనక్కి తగ్గాడు. "నాకేటి? నాకేటీ నేదు. నాను బాగున్నాను."

"నీ ఏల్లు నా కల్ల ముందే వాసిపోతంటే నాకు తెల్దేటి? నాకూ అలగే మొదలైనాది. నోరు సేదన్నావు, తిమ్మిరన్నావు. నాకు నాలుగు నెల్లబట్టి తెలుసు. సెప్పడానికి నాకూ దయిర్నం నేకపోయినాది." ఆమె కంట నీళ్లు చెంపల పక్క నుంచి దిండు మీదకు కారాయి. గొట్టాలు ఉన్న చెయ్యి కదపకూడదు కాబట్టి తుడుచుకోలేదు.

గోవిందరావు మంచం పక్కన వంగాడు. అందరూ వింటారని గొంతు తగ్గించాడు. "నా నెంబరొచ్చిందంటే నిన్నెవులు తెస్తారే? ఇన్నాల్లూ నాను మంచోన్నే అనుకుని తెచ్చినాను గదా. అలగే తెస్తాను. నన్నొగ్గీ."

"ఇయ్యాల పట్టాల మీద తెచ్చినట్టా?"

 సిస్టరు శైలజ స్టూలు జరిపింది. అతను కూర్చున్నాడు. కూర్చోకపోతే పడిపోయేలా ఉన్నాడు. ఆమె అతని మోచేతి పైన రబ్బరు ట్యూబు కట్టి, నరం కోసం వేలితో తడిమింది.

"పిడికిలి బిగించండి బాబాయ్."

గోవిందరావు పళ్లు బిగబట్టి, ఉన్న సత్తువంతా ఆ చేతిలోకి తెచ్చుకుని బిగించాడు. నుదుటి మీద చెమట పట్టింది. గున్నమ్మ చూస్తోందని ఇంకా గట్టిగా బిగించాడు.

శైలజ సూది పట్టుకుని ఎదురుచూస్తోంది.

"బిగించండి బాబాయ్" అంది మళ్లీ.