కైకలూరు దారిలో కళ్ళు మూసుకుని

కారులో ఫోన్ చూస్తే మా బాబుకి కడుపులో తిప్పేస్తుంది. ఒకసారి సీటంతా పాడుచేశాక, ఇక ప్రయాణాల్లో పిల్లలకి ఫోన్ ఇవ్వకూడదని మా ఆయనా నేనూ అనుకున్నాం. అనుకోవడం తేలికే. బాబుకి ఆరేళ్ళు, పాపకి తొమ్మిది. తాడేపల్లిగూడెంలో బయల్దేరి, ఏలూరులో మా బావగారింట్లో ఉన్న అత్తయ్యగారిని ఎక్కించుకుని, భోజనాల వేళకి కైకలూరులో మా ఆడపడుచు ఇంటికి చేరాలి. ముందురోజే ఒక సంచీ సర్దాను. జంతికలు, రంగు పెన్సిళ్ళు, పొడుపుకథలు రాసుకున్న కాగితం. భీమడోలు దాటేసరికి జంతికలు అయిపోయాయి, పొడుపుకథలన్నీ పాప విప్పేసింది. పసుపు బస్సులు లెక్కపెట్టే ఆట పెడితే ఒకే బస్సు కోసం నాదంటే నాదని ఇద్దరూ కొట్టుకున్నారు.

ఏలూరులో అత్తయ్యగారు ఎక్కి ఇద్దరి మధ్యా కూర్చున్నారు. ఆవిడ ఎక్కువ మాట్లాడరు. నా పెళ్ళయిన పన్నెండేళ్ళలో మేమిద్దరం చెప్పుకున్న కబుర్లలో సగం వంటింటి సరుకుల గురించే. కొట్టు నడిపే ఇంట్లో పుట్టి, కొట్టు నడిపే ఇంటికి కోడలిగా వచ్చారు. అంతకుమించి నాకు తెలియదు.

ఊరు దాటి కొల్లేరు వైపు తిరిగాక రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు మొదలయ్యాయి. ఒక చెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వరసగా దారాలు కట్టి ఉన్నాయి.

“ఆ దారాలెందుకు నాన్నా?” అని అడిగింది పాప.

“పక్షులు దిగి చేపల్ని ఎత్తుకుపోకుండా.”

“అంత సన్న దారం పక్షికి ఎలా కనిపిస్తుంది?”

మా ఆయన నా వైపు చూశారు. నాకూ తెలియదు. నిజం చెప్పాలంటే ఎన్నోసార్లు ఆ దారిన వెళ్ళినా ఆ సందేహం నాకెప్పుడూ రాలేదు.

“బండి ఆపరా. అడిగితే పోలా,” అన్నారు వెనకనుంచి అత్తయ్యగారు.

గట్టు మీద ఒకాయన మేత బస్తా మూతి విప్పుతున్నారు. పాప నా చెయ్యి పట్టుకుని వెళ్ళి అదే ప్రశ్న అడిగింది. “కనిపించదండి,” అన్నారాయన, తొమ్మిదేళ్ళ పిల్లకి కూడా అండీ తగిలించి. “రెక్కకి తగులుతుంది. తగిలితే బెదిరి వెళ్ళిపోతాయి. నీటికాకుల్ని మాత్రం ఏం చెయ్యలేమండి. గట్టు మీద దిగి, నడుచుకుంటూ వచ్చి, దారాల కిందనుంచి నీళ్ళలోకి జారుకుంటాయి.”

“నడుచుకుంటూ వస్తాయా?” అంటూ బాబు కూడా కారు దిగేశాడు.

ఇక అది చూడందే కదలమన్నారు. చాలాసేపు ఎండలో నిలబడ్డాం. చివరికి నల్లటిది ఒకటి అవతలి గట్టు మీద వాలింది. కొత్త చెప్పులు కరిచినవాళ్ళలా అటూ ఇటూ ఊగుతూ నాలుగడుగులు వేసి, నీళ్ళ అంచున ఆగి మమ్మల్ని చూసింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది, అది ఎగిరిపోయింది. చేసింది మా ఆడపడుచు. వంటయిపోయింది, ఎక్కడున్నారు అని.

కారెక్కాక ఇద్దరూ నా మీద అలిగి చెరో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. అప్పుడు అత్తయ్యగారు అద్దాలు దింపించి, “కళ్ళు మూసుకోండి. చూడకుండా ఎక్కడున్నామో చెప్పాలి. మా నాన్నగారు పడవలో మాచేత ఆడించేవారు,” అన్నారు.

నేను వెనక్కి తిరిగాను. “ఏ పడవ అత్తయ్యగారూ?”

కొల్లేరు నీళ్ళ మధ్య ఒక లంకలో వాళ్ళ నాన్నగారికి చిల్లర కొట్టు ఉండేదట. సరుకులకి ఏలూరు వచ్చేటప్పుడు పిల్లల్ని కూడా పడవలో తెచ్చేవారట. పూటంతా ప్రయాణం. పిల్లలు కదిలితే పడవ ఊగి బస్తాలు తడుస్తాయి. అందుకని కళ్ళు మూయించి అడిగేవారు. తుంగ పడవకి రాసుకుంటే లంక ఇంకా దాటలేదన్నమాట. చెంపకి గాలి కొడితే నడి కొల్లేరు. పొయ్యిల పొగ వాసన వస్తే ఏదో ఊరు దగ్గరపడినట్టు.

మా ఆయన బండి నెమ్మది చేశారు. ఆయనకీ ఇది కొత్తే.

“చేపల వాసన. లారీ వెళ్ళింది,” అన్నాడు బాబు.

“నీళ్ళు చిలుకుతున్నట్టుంది. రొయ్యల చెరువులో చక్రాలు,” అంది పాప. “ఇప్పుడు నువ్వు చెప్పు నానమ్మా.”

అత్తయ్యగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. “నాకేం తెలియట్లేదే. ఈపాటికి నడి కొల్లేరు గాలి తగలాలి. తగలట్లేదు.”

నేను బయటికి చూశాను. రెండు పక్కలా ఎత్తుగా చెరువు గట్లు. పాప దాన్ని ఆటలో చిక్కుగానే తీసుకుంది. కళ్ళు తెరిచి, “గట్లు అడ్డమొచ్చాయి నానమ్మా. నువ్వు మూసుకునే ఉండు, మేం చెప్తాం,” అంది.

కైకలూరు దాకా పిల్లలిద్దరూ ఆవిడకి చెబుతూనే ఉన్నారు. ఇటు కొంగలు, అటు మేత గోడౌను. ఊళ్ళోకి వచ్చాక, చేపల పెట్టెల్లోకి ఐసు పగలగొడుతున్నారని బాబు చెప్తే, “ఎటు పక్క?” అని అడిగి, ఆ పక్కకి తల తిప్పి విన్నారు. ఇల్లు వచ్చాకే కళ్ళు తెరిచారు.

అన్నాలు తింటూ ఆడపడుచుని అడిగితే, ఆవిడకి కూడా పడవ సంగతి తెలియదు. “చెప్పడానికేముంది? అందరం పడవ మీదే కదా తిరిగేవాళ్ళం,” అన్నారు అత్తయ్యగారు, పెరుగు వడ్డించుకుంటూ.

పాప వదల్లేదు. భోజనాలయ్యాక కాగితం, పెన్సిలు తెచ్చి లంక గీయమంది. అత్తయ్యగారు పెన్సిలు అందుకున్నారు. ముందు ఒక చుట్టు గీశారు, అది నీళ్ళు. మధ్యలో కొట్టు. కొట్టుకి రెండు తలుపులు పెట్టారు, ఒకటి వీధి వైపు, ఒకటి నీళ్ళ వైపు.

పిల్లల వెనక నిలబడి చూస్తున్న నాకు ఆగలేదు. “నీళ్ళ వైపు తలుపెందుకు అత్తయ్యగారూ?”

“వానాకాలం బేరమంతా ఆ తలుపు దగ్గరేనమ్మా,” అన్నారు, పెన్సిలు ఎత్తకుండా. “పడవ దిగకుండానే ఉప్పూ, కిరసనాయిలూ అడిగేవారు. నేనే అందించేదాన్ని.” ఆ తలుపు దగ్గర ఒక చిన్న పిల్లని గీయడం మొదలుపెట్టారు.