బస్సులో గీసిన గీత

కోయిలకుంట్ల బస్సులో పక్కన కూర్చున్న పిల్ల బనీను మీది పేరును కూడబలుక్కుని చదివాను. అరవై దాటాక వచ్చిన చదువు, కనిపించినదల్లా చదవబుద్ధవుతుంది.

"అది పాత యూనివర్సిటీ అవ్వా. మా కాలేజీని ఇంకోదాంట్లో కలిపినారు. నాతో కబడ్డీ ఆడినోళ్ళంతా ఇప్పుడు అవతలి జట్టు."

"కొత్త జట్టులో తీసుకున్నారా?"

"'మా పిల్లోళ్ళే శానామంది ఉండారు, నువ్వు సెలక్షన్‌కు రావద్దు' అన్నారు ఆడి సార్లు. అయినా ఆడికే పోతాండా."

"ఎళ్ళగొడితేనో?"

ఆ పిల్ల చెప్పు విడిచి, కాళ్ళ కింది దుమ్ములో బొటనవేలితో గీత గీసింది. "గీత ఎవురు గీసినా సరే, దాటాల, తాకాల, తిరిగి రావాల. మా ఆటే అది."

తనను తీసుకున్నారో లేదో నాకు తెలియదు. మొన్న పదో తరగతి పరీక్ష రాస్తానంటే, "ఈ వయసులో నీకెందుకే?" అని మా ఆయన నవ్వాడు. ఫీజు కట్టి వచ్చాకే జవాబు చెప్పాను.